తెల్లతీగను నమ్మొద్దు

ఏప్రిల్ పొగమంచు. రేవు కనబడదు,
బోయా గంట మాత్రం వినబడుతుంది.
లూనెన్‌బర్గ్ కొండవాలు మీద జ్విక్కర్ల ఎర్రచెక్క ఇల్లు.
వ్యానులోంచి పనిముట్లు దించుతుంటే
డార్లీన్ గుమ్మంలోనే చెప్పేసింది:
"మామయ్యలిద్దరికీ మాటల్లేవు.
ఏదన్నా అడగాలంటే విడివిడిగా అడుగు."

పైగదిలో ఎనాస్. కిందగదిలో ఆల్డెన్.
నడుమ పద్నాలుగు మెట్లు, ఒక్క దీపం,
పైనొక స్విచ్చు, కిందొక స్విచ్చు.

పడవ అమ్మిన ఏడాది నుంచీ ఇంతేనట,
ఒకరు వేస్తే ఒకరు ఆర్పడం.
ఇలాంటి జంట స్విచ్చుల్లో
పిడి పైకుంటే వెలుగనీ కిందికుంటే చీకటనీ
చెప్పడానికి లేదు.
అవతలిది ఎటు వాలి ఉందో
దాన్నిబట్టే ఇవతలిదానికి అర్థం.

జనవరిలో ఒక రాత్రి
ఎనాస్ దిగుతున్నాడు, ఆల్డెన్ ఆర్పాడు.
తొమ్మిదో మెట్టు. తుంటి ఎముక.
చూసి ఆర్పాడా, చూడక ఆర్పాడా?
అడగాల్సినవాడు అడగలేదు,
చెప్పాల్సినవాడు చెప్పలేదు.
డార్లీన్ హాలిఫాక్స్ వెళ్లి
తెలివైన స్విచ్చు కొనుక్కొచ్చింది.
ఎవరార్పినా సరే, మెట్ల మీద మనిషి కదిలితే
మళ్లీ తనే వెలిగిస్తుందట.

కింది పెట్టె విప్పాను.
బూజు, చచ్చిన ఈగ, పెన్సిలుతో 1961.
మూడే తీగలు: నలుపు, ఎరుపు, తెలుపు.
తెల్లదాని దగ్గర టెస్టరు పెడితే ఎర్రగా మండింది!
మా మేస్త్రీ మొదటిరోజు చెప్పిన మాట,
పాత ఇళ్లలో తెల్లతీగను నమ్మొద్దు.
ఆనాటివాడికి న్యూట్రల్ ఇక్కడిదాకా లాగే ఓపిక లేక
తెల్లదానికి కరెంటు మోసే పని అంటగట్టాడు.
వచ్చే కరెంటు, దీపానికి పోయేది, అసలు న్యూట్రల్,
అన్నీ పైపెట్టెలోనే.

అంటే తెలివి పైన పెట్టాలి.
కింద పెట్టేది దాని మాట మోసే తోడు స్విచ్చు.

ఆల్డెన్ నా వెనకే నిలబడి ఉన్నాడు,
పొగాకు వాసన, ఉన్ని మేజోళ్లు.
"అసలుది ఏది?"
"రెండూ ఒకటేనండీ."
"అసలుది పైన పెడుతున్నావు."
నేను స్క్రూ కోసం నేల వెతికాను.
స్క్రూ నా నోట్లోనే ఉంది.

బ్రేకర్ దించి పని మొదలెట్టాను.
ఎర్రదానికి కబురు మోసే పని.
నల్లదానికి ఇక పని లేదు,
కొసకు టోపీ తొడిగి లోపలికి తోసేశాను.
తెల్లదాన్ని పైన న్యూట్రల్‌తో కలిపాను.
అరవయ్యేళ్లకు పైగా అబద్ధం మోసి
ఆ మధ్యాహ్నం తెల్లతీగ తెల్లతీగైంది.
ఇది డార్లీన్‌కి చెప్పాను. "ఓహో" అంది.

దీపం వెలిగింది. ఆరింది.
కొత్తవాటికి పైకీ కిందికీ లేదు,
నొక్కినా మళ్లీ అదే భంగిమ,
ఎవరు చివరగా తాకారో ఆనవాలుండదు.
చప్పుడూ లేదు.

చేతికర్ర తాటించుకుంటూ వచ్చి ఎనాస్
పాత స్విచ్చు ఇమ్మన్నాడు.
చెత్తే కదా అన్నాను.
"నాదే కదా," అన్నాడు.
కోటు జేబులో వేసుకున్నాడు.
నేను బూట్లు వేసుకుంటుంటే వినబడింది
జేబులోంచి, టక్.
కాసేపాగి, టక్.
కింద ఆల్డెన్ రేడియో తగ్గించాడు.
అంతకుమించి నేనేమీ చూడలేదు.

ఆల్డెన్‌ది ఆయన అడగలేదు.
నా టిఫిన్ డబ్బాలో ఉండిపోయింది,
మూడు స్క్రూలు, ఒకటి మాత్రం నల్లగా.
బ్రిడ్జ్‌వాటర్ దగ్గర ఎర్రలైటు పడితే
ఒక్కోసారి తీసి నొక్కుతాను.
ఏ దీపమూ వెలగదు, ఏదీ ఆరదు.
ఇది పైకి ఉందో కిందికి ఉందో
ఆ రెండోదాన్ని అడగాలి.